ఇల్లు ఊడ్చే రోబోని మా అత్తయ్య "బుడ్డోడు" అంటుంది, మావాడేమో తంతాడు. మీ ఇళ్లల్లో ఎలా?

పటమట_కోడలు
మాది విజయవాడ. సంక్రాంతి ఆఫర్లో మా ఆయన ఇల్లు ఊడ్చే రోబో కొన్నారు. మొదట్లో అత్తయ్య "దీనికి మూలలు కనపడతాయా" అని మూతి తిప్పింది, ఇప్పుడేమో అది సోఫా కింద ఇరుక్కుంటే "ఎందుకు దూరావురా నాయనా అందులోకి" అంటూ వంగి మరీ లాగుతుంది, నడుంనొప్పి అప్పుడు గుర్తుండదు. ఛార్జింగ్‌కి వెళ్తే "అలిసిపోయాడు, మళ్ళీ తిప్పకు" అంటుంది. మా ఐదేళ్లవాడు దానికి అడ్డం నిలబడి కాలితో తంతాడు, అత్తయ్య అరిస్తే "దానికి నొప్పి ఉండదు నానమ్మా, మెషిన్" అంటాడు. వాణ్ణి ఆపాలా వదిలేయాలా? సీరియస్‌గానే అడుగుతున్నా.

బీఆర్‌టీఎస్_రోడ్డు
మీ అత్తయ్యగారిది వింతేం కాదండీ. అమెరికాలో జార్జియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు 2007లోనే రూంబా అనే ఇలాంటి ఊడ్చే రోబో ఉన్న ఇళ్ళ మీద స్టడీ చేశారు, జనం వాటికి పేర్లు పెట్టుకున్నారు, ఆడా మగా అని కూడా అనుకున్నారు, అది తిరగడానికి వీలుగా సామాన్లు జరుపుకున్నారు. తనంతట తను కదిలేది ఏది కనపడినా మన బుర్ర దానికో మనసు అంటగట్టేస్తుంది అంతే. సోనీ వాళ్ళ రోబో కుక్క ఐబో 1999లో వచ్చింది, 2014లో పాతవాటికి రిపేర్లు ఆపేశారు, ఆ తర్వాత జపాన్‌లో ఇసుమి అనే ఊళ్ళో బౌద్ధ గుడిలో వాటికి శాంతి పూజలు చేయించి, అప్పుడు పార్టులు తీసి వేరే రోబో కుక్కలకి వేశారు. నవ్వకండి, దసరాకి మనం బండికి బొట్టు పెట్టి నిమ్మకాయలు తొక్కించట్లేదా.
పిల్లాడి సంగతి వేరు. ఒసాకాలో ఒక మాల్‌లో రోబోని తిప్పితే పెద్దవాళ్ళు పక్కన లేనప్పుడు పిల్లలు గుంపుగా చేరి అడ్డం నిలబడ్డారు, కొట్టారు, తన్నారు, ఆఖరికి రీసెర్చర్లు పిల్లలు మూగితే పెద్దవాళ్ళ వైపు వెళ్లిపోయేలా దానికి ప్రోగ్రాం రాయాల్సొచ్చింది. తర్వాత ఆ పిల్లల్ని అడిగితే చాలామంది అది మనిషిలాంటిదే అనుకున్నామన్నారు. అంటే మెషిన్ కదా అని కొట్టలేదు, మనిషిలా ఉందనుకునీ కొట్టారు. అందుకే నేనైతే ఆపుతా.

చిలకలూరిపేట_చిన్నోడు
ఇవన్నీ సరే, ఫస్ట్ అది గడప దాటుతుందా చెప్పండి. మాది హాల్లోనే తిరుగుద్ది, గడప దగ్గరకొచ్చి గుద్దుకుని వెనక్కి పోద్ది. ఆపరేషన్ ఫెయిల్.

కృష్ణలంక_లక్ష్మి
నాదో డౌట్ అక్కా. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఉందా? ఉంటే "అలిసిపోయావు కూర్చో" అని ఆవిడతో మీ అత్తయ్య ఎప్పుడన్నా అన్నారా? గొడవకి అడగట్లేదు. మా ఇంట్లో ఇదే చూశా, నోటితో చెప్తే వినే స్పీకర్ పాట పెడితే మా పెద్దమ్మ థాంక్స్ అంటుంది, గ్యాస్ బండ మూడో ఫ్లోరుకి మోసుకొచ్చిన అబ్బాయికి మంచినీళ్ళు కూడా ఇవ్వదు. ఎదురు మాట్లాడనిదాని మీద ప్రేమ చూపించడం తేలిక.

పటమట_కోడలు
ఉంది @లక్ష్మి. ఊడ్చే పని తగ్గిందని మా ఆయన జీతం తగ్గిద్దామన్నారు, అత్తయ్యే ఒప్పుకోలేదు, కాబట్టి ఆవిణ్ణి మరీ అలా అనుకోకు. కానీ కూర్చోమనడం మాత్రం నేను వినలేదు. ఇంకోటి, బ్రష్‌కి చుట్టుకున్న వెంట్రుకలు కత్తెరతో తీసేది ఆ పనావిడే, డస్ట్‌బిన్ దులిపేదీ ఆవిడే. "మీ బుడ్డోడికి స్నానం నేనే చేయించాలా అమ్మా" అంటుంది, నవ్వుతూనే.

మిర్చి_డ్రోన్
నేను ప్రత్తిపాడు వైపు డ్రోన్‌తో మిరప తోటలకి మందు కొడతా. పది లీటర్ల ట్యాంకు, ఎకరం పది నిమిషాల్లోపే అయిపోద్ది. ఇక్కడెవరూ డ్రోన్‌కి పేరు పెట్టరు, మందు సరిగ్గా పడకపోతే దాన్ని తిట్టరు, నన్నే తిడతారు. అదే 2024 సెప్టెంబర్లో బుడమేరు ముంచినప్పుడు సింగ్‌నగర్లో మేడల మీదికి డ్రోన్లు అన్నం ప్యాకెట్లు దించాయి కదా, మా మేనత్త అక్కడే ఉంటది, దానికి చేతులెత్తి దండం పెట్టానంది. నడిపేవాడు కనపడితే వాడితో మాట్లాడతాం, కనపడకపోతే మెషిన్‌తో మాట్లాడతాం, నాకైతే ఇంతే అనిపిస్తది.
మీవాడి గురించి అయితే, నొప్పి గిప్పి వాడికి చెప్పొద్దు, నమ్మడు. మీ రోబోకి ముందువైపు బంపర్ ఉంటది, గుద్దుకున్నట్టు దానికి తెలిసేది దానివల్లే, తన్ని తన్ని అది ఇరుక్కుపోతే ఊరికే వెనక్కి వెనక్కి పోతా ఉంటది, వారంటీ కూడా ఇవ్వరు. దాని మీద స్టార్ట్, ఆపు బటన్ ఉంటది, ఆ డ్యూటీ మీవాడికే ఇచ్చేయండి. మా పొలాల్లో పిల్లలు డ్రోన్ మీదికి రాకుండా నేను చేసేది అదే, ఒకణ్ణి పిలిచి "దూరంగా నిలబడి మిగతావాళ్ళని రానీకు" అంటా, ఇంక వాడే అందర్నీ తరుముతాడు.