ఫిల్కో 90 రేడియో పెట్టె లేత రంగు: ఫ్యాక్టరీదా, ఎవరో గీకించిందా?

వాల్వ్‌సెట్: న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో ఫిల్కో 90 రేడియో కొన్నాను. 1931 నాటి సెట్టు, గుడి గోపురంలా పైన వంపు ఉన్న పెట్టె. మామూలుగా వీటికి చుట్టూ ఉన్న చెక్క పట్టీలు ముదురుగా, ముందు వెనీర్ (పైన అతికించే పల్చటి చెక్క పొర) కాస్త లేతగా ఉంటాయి. నాదేమో మొత్తం ఒకే తేనె రంగు. అమ్మినాయన ఇది ఫ్యాక్టరీ తేడాయే అన్నాడు. నాకూ నిజమేననిపిస్తోంది. 90లో స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ భాగం రెండు 45 రకం వాల్వులతో కొన్ని, ఒక్క 47తో కొన్ని, రెండు 47లతో కొన్ని వచ్చాయి కదా. ఛాసిస్ (లోపల సర్క్యూట్ బిగించిన లోహపు చట్రం) మూడు రకాలైనప్పుడు పెట్టె రెండు రంగుల్లో ఎందుకు ఉండకూడదు?

చెక్కపని: ఛాసిస్ మారిందని పెట్టె రంగూ మారిందనుకోవడం పొరపాటండీ. అప్పట్లో ఫ్యాక్టరీలో చవక చెక్కతో చేసిన పట్టీల మీద రంగు కలిపిన లాకర్ (వార్నిష్ లాంటి పూత) స్ప్రే చేసి, ఖరీదైన ముదురు చెక్కలా కనిపించేలా చేసేవారు. ఆ ముదురుదనం చెక్కలో ఉండదు, పైపొరలోనే ఉంటుంది. ఎవరైనా పాత పూత తీసే రిమూవర్ పూసి గీకి, పైన పారదర్శకంగా పాలిష్ వేస్తే మీరు చెప్పిన తేనె రంగే వస్తుంది. ఇలా పాడైన పెట్టెలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పట్టీల గాడుల్లో, గ్రిల్ లోపలి అంచుల్లో, నాబుల కింద టార్చి వేసి చూడండి. తర్వాత ఇయర్‌బడ్‌ని లాకర్‌ని కరిగించే ఎన్‌సీ థిన్నర్‌లో ముంచి, అడుగున కనపడని మూల ఒక్క చుక్క అద్దండి. జిగురుగా కరిగితే లాకర్. కరగకపోతే పీయూ (పాలీయురేథేన్) పూత లాంటిది, అంటే తర్వాత వేసిందే.

పాతసరుకు: కరిగినంత మాత్రాన ఫ్యాక్టరీదని కూడా అనలేం. మళ్లీ లాకరే కొట్టి ఉండొచ్చు. కానీ చెక్కపని గారూ, లేతగా కనిపించిన ప్రతిదాన్నీ గీకిందనేస్తే నేనొప్పుకోను. ఒక దుంగ వెనీర్‌కి, ఇంకో దుంగ వెనీర్‌కి పోలిక ఉండదు. కిటికీ దగ్గర ఏళ్ల తరబడి ఉన్న పెట్టె ఎండకు వెలిసిపోతుంది కూడా.

చెక్కపని: వెనీర్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ఎండకైతే కిటికీ వైపు వెలుస్తుంది గానీ నాలుగు వైపులా ఒకేలా వెలవదు కదా. నా అభ్యంతరం పట్టీల గురించే.

వాల్వ్‌సెట్: నిన్న రాత్రి నాబులు తీశాను. కింద కూడా లేత రంగే. ఫ్యాక్టరీదేనని సంబరపడిపోయాను. తర్వాత డయల్ చుట్టూ ఉన్న లోహపు పట్టీ విప్పితే, దాని కింద వేలి గోరంత వెడల్పున ముదురు గోధుమ రంగు గీత! పట్టీల గాడుల్లోనూ అక్కడక్కడా అదే రంగు మిగిలి ఉంది. శాండ్ పేపర్ గీతలు కూడా కనిపించాయి, అవీ చెక్క పోగుకి అడ్డంగా.

పాతసరుకు: అడ్డగీతలుంటే ఇక వాదన లేదు. గీకిందే. నాబులు తీసి గీకారు, లోహపు పట్టీ తీయడానికి బద్ధకించారు. ఆ కింద మిగిలిన గీతను మాత్రం చెరపకండి, మళ్లీ రంగు కలపాలంటే మీకున్న అసలు నమూనా అదొక్కటే.

వాల్వ్‌సెట్: దాని మీద టేపు కూడా వెయ్యనండీ. పగటి వెలుతురులో ఫొటో తీసి రేపు పెడతాను, షేడ్ మీరే చెప్పాలి.