గామా ‘ఉద్గారమా’, ‘ఉద్గమమా’?

అనువాదకురాలు: “రియాక్టరును ఆపినంత మాత్రాన గామా ఉద్... ఆగదు” అని ట్రాంబేలోని అప్సర అనే అణు రియాక్టరు గురించి చిన్నప్పుడు చదివిన వాక్యం వారం రోజులుగా నన్ను వేధిస్తున్నది. గామా కిరణాలు వెలువడడాన్ని చెప్పే ఆ మాట ఉద్గారమా, ఉద్గమమా? పరిశోధక రియాక్టరులో గామా లెక్కలపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ అక్కడే ఆగిపోయాను.

విశ్రాంత సంస్కృతాధ్యాపకుడు: ఉద్గారమంటే త్రేనుపు అని ఈ సభలో విడమరచనక్కరలేదు. కిరణం ఉదయిస్తుందే గాని త్రేన్చదు, కనుక ఉద్గమమే.

ఇంజినీరు: మాస్టారూ, త్రేనుపే నయం. ఒక్క వాటుకు సెకనుకు సుమారు 3.1×10¹⁰ విచ్ఛిత్తులు, అంటే కేంద్రకాలు చీలడాలు, జరుగుతాయి కనుక, 1 మెగావాటు దగ్గర అవి 3.1×10¹⁶ అవుతాయి, ఒక్కో విచ్ఛిత్తికి అప్పటికప్పుడే వెలువడే తక్షణ గామా రూపంలో సుమారు 7 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక ఎంఈవీ, శక్తికి కొలమానం) చొప్పున గుణిస్తే సెకనుకు 2×10¹⁷ ఎంఈవీ పైమాటే. విచ్ఛిత్తి శకలాలు తరువాత తీరికగా విడిచే గామా దాదాపు అంతే ఉంటుంది, రియాక్టరును ఆపినా ఆగనిది అదే. తిన్నది అరుగుతున్నకొద్దీ పైకి వచ్చేదాన్ని ఉద్గమమంటారా?

అనువాదకురాలు: నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్‌ను పట్టుకొని విడిచే 2.22 ఎంఈవీ గామాకూ ఇదే మాట చెల్లుతుందా?

ఇంజినీరు: అది మింగి త్రేన్చడమే కనుక ఇంకా బాగా చెల్లుతుంది. నా పేచీ వేరొకటి: పత్రికలు పొగగొట్టం వదిలేదాన్ని ఉద్గారమంటున్నాయి. రేడియోధార్మిక వాయువైన ఆర్గాన్-41 గొట్టంలోంచి గాలిలో కలవడం, దాని కేంద్రకం 1.29 ఎంఈవీ గామాను విడవడం రెండూ ఉద్గారాలే అయితే, రేడియోధార్మికతను కొలిచే బెకరెల్ లెక్క ఎక్కడ ముగిసి, గామా రేణువులను లెక్కించే ఫోటాన్ లెక్క ఎక్కడ మొదలైందో చదువరికి తెలియదు. మొదటిదానికి ‘విడుదల’ చాలు.

మరొక సభ్యుడు: ఉమియడం, కక్కడం, వాంతి వంటి మాటలు లక్షణార్థంలో (పోలికగా వాడినప్పుడు) అతిసుందరమనీ, వాచ్యార్థంలోనే గ్రామ్యమనీ సంస్కృత ఆలంకారికుడు దండి కావ్యాదర్శంలో తీర్పు చెప్పాడు; ఆ జాబితాలో ఉద్గారానికి చుట్టమైన ఉద్గీర్ణం కూడా ఉన్నది. మాస్టారు దండిని మరిచారనుకోను.

విశ్రాంత సంస్కృతాధ్యాపకుడు: మరువలేదు, మీరు అందుకుంటారో లేదో చూశాను. అయినా 1956లో పని మొదలుపెట్టిన ఆ రియాక్టరుకు పెట్టిన పేరు ‘అప్సర’ కాదు, తెలుగులో ‘అప్సరస’ కావాలి. సంస్కృతంలో అది ‘స్’తో ముగిసే సకారాంత శబ్దం, నీటిలోంచి వెలువడినదని అర్థం. నీటికొలనులో మునిగిన రియాక్టరుకు తగిన పేరే గాని, చివరి ‘స’ ఎవరు మింగారు?

ఇంజినీరు: నీటిలోంచి పుట్టినదే కావాలంటే, నీటిలోని ఆక్సిజన్ నుంచి పుట్టి, 6.13 ఎంఈవీ గామాతో మెరిసి, 7 సెకన్ల అర్ధాయువుతో మాయమయ్యే నైట్రోజన్-16 ఉండగా, ఆ పేరును రియాక్టరుకు పెట్టడం అన్యాయం.

విశ్రాంత సంస్కృతాధ్యాపకుడు: దానికైనా ‘స’ ఉండవలసిందే.