సాయంత్రం నాలుగున్నరకి తీపి మీదకి పోయే మనసును ఆపేదెలా?

నమస్కారం అండీ. నాకు 42 ఏళ్లు. పోయిన నెల టెస్టులో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 6.1 శాతం వచ్చింది, అంటే షుగర్ గుమ్మం దాకా వచ్చేసినట్టే. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. లెక్కేస్తే టీలోనే 30 గ్రాముల పైన!

పొద్దున టీలో చక్కెర మానేశాను, పెద్ద కష్టం కాలేదు. సాయంత్రం నాలుగున్నరకే అసలు గొడవ. తల బరువు, చిరాకు, చెయ్యి దానంతటదే బిస్కెట్ డబ్బా మీదకి పోతుంది. మొన్న పిల్లల కోసం దాచిన సున్నుండలు వంటింట్లో నిలబడే మూడు తినేశాను, సిగ్గేసింది.

బెల్లం వాడమంటారు మా అత్తయ్య. అదీ చక్కెరే కదా!

మీలో ఎవరైనా ఒక్కసారిగా మానేశారా, కొంచెం కొంచెంగా తగ్గించారా? ఎన్నాళ్లకి ఆ యావ తగ్గింది? సాయంత్రం ఆ టైముకి ఏం తింటున్నారో కూడా చెప్పండి ప్లీజ్.