విశాఖ ఉప్పుగాలికి పాత అంబాసిడర్ రిమ్ములు: పౌడర్ కోటింగా, టూ ప్యాక్ పెయింటా?

తాతగారి_మార్క్2
అందరికీ నమస్తే. మాది పెదవాల్తేరు. 1967 అంబాసిడర్ మార్క్ టూ, తాతగారు కొన్నది, ఇప్పుడు నా నెత్తిన పడింది. మొన్న వెనక టైరు రెండ్రోజులకోసారి గాలి దిగిపోతుంటే పంచరు షాపుకి తీసుకెళ్లాను. టైరు ఊడదీయగానే రిమ్ము లోపల్నుంచి ఎర్రటి పెచ్చులు చాటెడు రాలాయి. ట్యూబులో మేకు లేదు, గాజుముక్క లేదు, ఆ తుప్పు పెచ్చే రుద్ది రుద్ది చిల్లు పెట్టింది. స్టెప్నీతో సహా మిగతా నాలుగూ విప్పిస్తే అదే కథ. పైకి మాత్రం వెండి రంగు నిగనిగ.

ఆటోనగర్‌లో ఒకాయన పౌడర్ కోటింగ్ (పొడిరంగు చల్లి ఓవెన్‌లో కరిగించే పూత) వేయించెయ్, పదేళ్లు చూసుకోనక్కర్లేదు అంటాడు. మా పెయింటరేమో ఆ మాటెత్తితేనే మొహం చిట్లించి, టూ ప్యాక్, అంటే వేసేముందు హార్డెనర్ కలిపే రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ కొట్టి మీద పీయూ (పాలియురెథేన్ పెయింటు) వేద్దాం అంటాడు. ఇద్దరూ ఒట్టేసినట్టే చెబుతున్నారు, టెన్షన్ నాకు. మన సముద్రపు గాలికి ఏది ఆగుతుంది?

గాజువాక_గ్యారేజ్
పౌడరే. ఇందులో చర్చేముంది? 180, 200 డిగ్రీల ఓవెన్‌లో కరిగి రిమ్ముకి పట్టేస్తుంది. టైరు ఎక్కించేటప్పుడు కుర్రాడి లివర్ తగిలినా అంత తేలిగ్గా లేవదు. పీయూ అయితే మొదటిసారి టైరు మార్చగానే అంచు మీద గీత పడుతుంది, ఆ గీతలోంచే తుప్పు మొదలు. నా పద్మిని కారుకి వేయించి నాలుగేళ్లయింది, తుడిస్తే చాలు కొత్తదానిలా ఉంటుంది.

లాసన్స్‌బే_కుర్రాడు
నాలుగేళ్లూ బయట చూశారా అన్నా, టైరు విప్పి లోపల చూశారా? నేనూ మీలాగే మురిసిపోయాను. రెండో ఏడాది వానాకాలంలో అంచు దగ్గర చిన్న బుడగ కనబడింది. గోరుతో గిల్లితే అప్పడంలా అరచేతి వెడల్పున లేచి వచ్చింది, కింద తడి తడిగా నల్లటి తుప్పు. పౌడర్‌తో వచ్చిన చిక్కే అది, కింద ఏం జరుగుతోందో పైకి తెలియనివ్వదు.

గాజువాక_గ్యారేజ్
తమ్ముడూ, రంగుకి ముందు గాలి ఒత్తిడితో గరుకుపొడి కొట్టి తుప్పు లేపుతారే, ఆ బ్లాస్టింగ్ దేంతో చేశాడో అడిగావా?

లాసన్స్‌బే_కుర్రాడు
తర్వాత తెలిసింది, ఇసుకట. బీచ్ ఇసుక. షాపు పేరు చెప్పను, గొడవెందుకు.

డ్రైడాక్_మనిషి
ఇదిగో, అసలు సంగతి ఇక్కడ బయటపడింది. ఓడలకి రంగు వేసే పనిలో చాలా ఏళ్లు గడిపి రిటైరైనవాణ్ణి, కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి. మీరిద్దరూ పైపంచె గురించి కొట్టుకుంటున్నారు, ఒంటికి స్నానం చేయించారా లేదా అని ఒక్కరూ అడగట్లేదు. మన ఊళ్లో తుప్పు పట్టిన ఇనుము గుంటల అడుగున ఉప్పు దాక్కుని ఉంటుంది. బ్లాస్టింగ్ చేస్తే ఇనుము తెల్లగా మెరుస్తుంది గానీ ఆ ఉప్పు పూర్తిగా పోదు. దాని మీద మీరు బంగారం పూసినా, పూత గుండా వచ్చే కాస్త తేమనూ ఆ ఉప్పు లాక్కుని బుడగ కట్టిస్తుంది. ఇక బీచ్ ఇసుకతో కొట్టడమంటే పుండు మీద కారం. భీమిలి ఇసుకలో గార్నెట్ అనే గట్టి ఖనిజం ఉన్నమాట నిజమే, కానీ కడిగి వేరుచేసిన గార్నెట్ వేరు, తట్టతో ఎత్తుకొచ్చిన ఇసుక వేరు. పైగా ఇసుక ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకి సిలికోసిస్ అనే జబ్బు. కాపర్ స్లాగో (రాగి కరిగించగా మిగిలే చిట్టెం), గార్నెట్టో వాడేవాడి దగ్గరికే వెళ్లండి.

పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. బ్లాస్టింగ్ అయ్యాక రిమ్ముని ఒక రాత్రి అలా వదిలేయండి. పొద్దున్నకి అంతా పల్చగా ఎర్రబారితే అది గాలిలో తేమ, కంగారు పడొద్దు. గుంటల్లో మాత్రమే నువ్వుగింజల్లా నల్లటి చుక్కలు లేస్తే అది ఉప్పు. మంచినీళ్లతో ప్రెషర్ వాష్ చేసి, ఆరబెట్టి, మళ్లీ బ్లాస్టింగ్ చేయించాలి. బీచ్ పక్క బోరు నీళ్లు వాడకండి, వాటిలోనే ఉప్పుంటుంది. చివరిసారి బ్లాస్టింగ్ అయిన నాలుగు గంటల్లోపు ప్రైమర్ పడిపోవాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ రోజు పని మానుకోండి. ఇనుము వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత (గాలిలో తేమ నీటిచుక్కలుగా మారేది) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. అంటే మన దగ్గర తెల్లారగట్ల పని పెట్టుకోవద్దని అర్థం.

గాజువాక_గ్యారేజ్
ఓడకీ రిమ్ముకీ ఒకే మంత్రమా మాస్టారూ? అయినా ఒప్పుకుంటా, కడగడం మా వాళ్లెవరూ చేయరు. కానీ కడిగాక పౌడర్ వేస్తే అడ్డేముంది?

నట్టుబోల్టు
అడ్డం నట్టు దగ్గర. పౌడర్ పొర 60 నుంచి 100 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), రెండు పొరలైతే ఇంకా మందం. నట్టు కూర్చునే చోటా, హబ్బుకి ఆనే చోటా ఆ పొర ఉంటే బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది, నాలుగు రోజులకి నలిగి అణిగిపోయి నట్టు వదులవుతుంది. అనంతగిరి ఘాట్‌లో ముందు చక్రం టకటకమంటే దిగి చూశాను, మూడు నట్లు చేత్తో తిరిగాయి. అరకు కాఫీ వద్దనుకుని వెనక్కి వచ్చేశాను.

గాజువాక_గ్యారేజ్
ఆ చోట్ల రంగు పడకుండా మాస్కింగ్ చేయించనివాడిది తప్పు, పౌడర్‌ది కాదు. ఏ పెయింటు వేసినా 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించుకోవాల్సిందే.

డ్రైడాక్_మనిషి
ఆ మాట నిజం. నేను టూ ప్యాక్ అనడానికి కారణం వేరే. 1967 రిమ్ము కదా, గుంటలుంటాయి. మామూలు పుట్టీ ఓవెన్ వేడికి ఆగదు, అంటే పౌడర్ వేస్తే ఆ గుంటలు మశూచి మచ్చల్లా అలాగే కనబడతాయి. టూ ప్యాక్ అయితే ఎపాక్సీ మీద పుట్టీ పెట్టి సాఫు చేసుకోవచ్చు, గీత పడితే ఇంట్లోనే బ్రష్షుతో మూసేయొచ్చు. పౌడర్ లేస్తే మళ్లీ మొత్తం గీకాలి. ఒక్కమాట, పీయూ కొట్టేటప్పుడు జేబురుమాలు కట్టుకుంటే సరిపోదు, దాని హార్డెనర్‌లో ఊపిరికి హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు ఉండాలి.

అనకాపల్లి_బెల్లం
బ్లాస్టింగే వద్దండి. డ్రమ్ములో ఒక వంతు మొలాసిస్ (చెరకు మడ్డి), తొమ్మిది వంతుల నీళ్లు, రిమ్ము ముంచి రెండు మూడు వారాలు మర్చిపోండి. తుప్పుని తింటుంది, ఇనుము జోలికి దాదాపు పోదు, రివెట్ల సందుల్లోకి కూడా వెళుతుంది. అల్యూమినియం మాత్రం ముంచకండి. వాసనకి ఇంట్లోవాళ్లు మాట్లాడ్డం మానేస్తారు, అది వేరే సంగతి.

లాసన్స్‌బే_కుర్రాడు
నల్లబెల్లం కొంటేనే సారా కాస్తావా అని అడుగుతారు, డ్రమ్ముడు మొలాసిస్ మిద్దె మీద పెడితే ఇంకేమన్నా ఉందా 😄

తాతగారి_మార్క్2
పది రోజుల తర్వాత వచ్చాను, క్షమించాలి. కాపర్ స్లాగ్‌తో బ్లాస్టింగ్ చేయించి రాత్రి గ్యారేజీలో తీగలకి వేలాడదీశాను. పొద్దున మూడు రిమ్ములు శుభ్రం. ఒకదాంట్లో మాస్టారు చెప్పినట్టే నువ్వుగింజలు లేచాయి, అచ్చం అలాగే. హుద్‌హుద్ తుఫానుకి షెడ్డు రేకులు లేచిపోయి బండి ఉప్పు జల్లులో నానిన వైపు చక్రమే అయ్యుంటుంది. కడిగి మళ్లీ కొట్టించాను, రెండోసారి చుక్క లేదు. నాలుగింటినీ చివరిగా ఒకసారి కొట్టించి, నాలుగు గంటల్లోపే ఎపాక్సీ వేయించాను. గాజువాక అన్న తిట్టుకోవద్దు, పీయూకే వెళుతున్నా.

అయిదోది స్టెప్నీ. బ్లాస్టింగ్‌లో పెచ్చు ఊడాక స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే అవతలకి దిగిపోయింది.

గాజువాక_గ్యారేజ్
దాన్ని వెల్డింగ్ చేయించకు బాబూ, పాతసామాన్ల వాడికి వేసెయ్. ఏడాదయ్యాక ఆ నాలుగింటికీ టైర్లు విప్పి ఫోటో పెట్టు, నా పద్మినివీ విప్పుతా. చూద్దాం.

తాతగారి_మార్క్2
సరే అన్నా, పందెం. ఈలోగా ఎవరి దగ్గరైనా మార్క్ టూకి సరిపోయే 15 అంగుళాల రిమ్ము ఉంటే చెప్పండి, అనకాపల్లి దాకా అయినా వస్తాను.

అనకాపల్లి_బెల్లం
నా డ్రమ్ములో ఒకటి నానుతోంది. ఇంకో వారం ఆగండి.