రక్తపరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నా దవడ మీద మొటిమలు తగ్గడం లేదు: కారణం హార్మోన్లేనా?

ప్రశ్న

నాకు 34 ఏళ్లు. చదువుకునే వయసులో నా ముఖం మీద మొటిమలు దాదాపు లేవు. 26వ ఏట మొదలైనవి ఎనిమిదేళ్లుగా వదలడం లేదు. నుదురు, ముక్కు శుభ్రంగానే ఉంటాయి. గడ్డం చుట్టూ, దవడ అంచు వెంబడి, మెడ పైభాగంలో మాత్రం ముట్టుకుంటే నొప్పి పుట్టే గట్టి గడ్డలు చర్మం లోపలి నుంచి లేస్తాయి. నెలసరికి వారం ముందు రెండు మూడు వస్తాయి, అవి అణగి నల్లమచ్చలుగా మారేలోపే మళ్లీ నెల తిరిగివస్తుంది.

ఇప్పటికి మూడుసార్లు యాంటీబయాటిక్ మాత్రలు వాడాను. వాడినన్నాళ్లూ తగ్గాయి, ఆపిన రెండు నెలల్లో తిరిగొచ్చాయి. ఇవి హార్మోన్ల వల్ల వచ్చే మొటిమలని చెప్పి మా చర్మవైద్యురాలు రక్తపరీక్షలు చేయిస్తే, టెస్టోస్టెరోన్‌తో సహా అన్నీ ఉండవలసిన పరిధిలోనే ఉన్నాయి. నెలసరి కూడా క్రమంగానే వస్తుంది. హార్మోన్లు సరిగ్గా ఉన్నప్పుడు ఇవి హార్మోన్ల మొటిమలు ఎలా అవుతాయి? ఆమె ఇప్పుడు స్పైరనోలాక్టోన్ మాత్ర వాడి చూద్దామంటున్నారు. ఏడాదిన్నర తర్వాత బిడ్డను కనాలని అనుకుంటున్నాం కాబట్టి నాకు భయంగా ఉంది.

నా ఉద్యోగంలో రోజూ నలుగురి ముందు నిలబడి మాట్లాడాలి. ఎదుటివారి చూపు నా కళ్ల మీద నుంచి గడ్డం మీదికి జారిన క్షణం నాకు తెలిసిపోతుంది, చెప్పబోయే మాట తప్పిపోతుంది. ఏళ్ల తరబడి దీనితో ఉంటున్నవారు ఎలా నెట్టుకొస్తున్నారో కూడా చెప్పండి.

మొదటి జవాబు

నేను చర్మవైద్యురాలిని. మీ సందేహం చాలామందికి కలిగేదే. రక్తంలో హార్మోన్ ఎంత ఉందో రిపోర్టు చెబుతుంది గాని, మీ చర్మం దానికి ఎంతగా స్పందిస్తుందో చెప్పదు. చర్మంలోని నూనె గ్రంథులు తమ దగ్గరికి వచ్చిన టెస్టోస్టెరోన్‌ను అక్కడికక్కడే అంతకంటే బలమైన డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా మార్చుకోగలవు; ఆ గ్రంథుల్లో హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు సున్నితంగా ఉంటే మామూలు మోతాదుకే నూనె ఎక్కువగా ఊరి, రంధ్రాలు పూడుకుపోయి, వాపు మొదలవుతుంది. ఈ రకం మొటిమలున్న స్త్రీలలో ఎక్కువమందికి రక్తపరీక్షలు సరిగ్గానే ఉంటాయి. అలాగని పరీక్షలు వృథా కావు. నెలసరి తప్పడం, ముఖం మీద వెంట్రుకలు పెరగడం, తల మీద జుట్టు పలచబడడం వంటివి తోడైతే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూడాలి. గొంతు హఠాత్తుగా బొంగురుపోయి, వెంట్రుకలు వేగంగా పెరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

స్పైరనోలాక్టోన్ మొదట రక్తపోటుకూ, ఒంట్లో నీరు చేరడానికీ వాడిన పాత మందు. టెస్టోస్టెరోన్ వంటి ఆండ్రోజెన్ హార్మోన్లు గ్రాహకాలను చేరకుండా ఇది అడ్డుపడుతుంది. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక పరిశోధనలో 410 మంది స్త్రీలకు ఈ మాత్రను గాని, మందు లేని మాత్రను గాని ఇచ్చి చూశారు. మొదట 50, ఆరు వారాల తర్వాత 100 మిల్లీగ్రాములు ఇచ్చారు. 12 వారాలకు రెండు వర్గాల మధ్య తేడా స్వల్పమే. 24 వారాలకు మాత్రం మందు తీసుకున్నవారిలో 82 శాతం, తీసుకోనివారిలో 63 శాతం మంది తమ మొటిమలు తగ్గాయని చెప్పారు. కాబట్టి రెండు నెలలకే పనిచేయలేదని ఆపేయకండి. నెలసరి గతి తప్పడం, తల తిరగడం, రొమ్ముల్లో నొప్పి, ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లవలసి రావడం ఉండవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారికీ పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది.

ఈ మాత్ర గర్భంలోని మగశిశువు ఎదుగుదలకు హాని చేయగలదు, అందుకే వాడినన్నాళ్లూ నమ్మకమైన గర్భనిరోధం తప్పనిసరి. మీ చేతిలో ఏడాదిన్నర ఉంది కాబట్టి ఒక ఏడాది వాడి, బిడ్డ కోసం ప్రయత్నించడానికి ముందే వైద్యురాలితో మాట్లాడి ఆపేయవచ్చు. యాంటీబయాటిక్ మాత్రలు మాత్రం నాలుగోసారి మొదలుపెట్టకండి. అవి వాపును కొంతకాలం అణచగలవే గాని హార్మోన్ల స్పందనను మార్చవు.

రెండో జవాబు

నాకు 41 ఏళ్లు, 15 ఏళ్లుగా ఇదే బాధ. మీరు చెప్పిన ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు గడ్డం మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడేదాన్ని. ఆ చెయ్యి అలవాటుగా మొటిమను గిల్లేది, గిల్లిన ప్రతిచోటా నెలల తరబడి మచ్చ మిగిలేది. నన్ను నిజంగా కదిలించింది చాలాకాలంగా నాతో పనిచేసిన ఒక స్నేహితురాలు. నా ముఖం గురించి ఏం గమనించావని ధైర్యం చేసి అడిగితే, మాట్లాడేటప్పుడు ఎప్పుడూ నోరు కప్పుకుంటావని మాత్రమే చెప్పింది. ఆ రోజు నుంచి చేతులు బల్ల మీద పెట్టుకుని మాట్లాడడం సాధన చేశాను. ఇప్పటికీ మొటిమ లేచిన ఉదయం మనసు బరువెక్కుతుంది, కాని ఆ రోజు పనులేవీ మానుకోను.

పైపూతల విషయంలో నేను ఏళ్ల తరబడి చేసిన తప్పు, లేచిన మొటిమ మీద మాత్రమే మందు రాయడం. పైకి కనిపించే మొటిమ లోపల ఎన్నో వారాల ముందే మొదలై ఉంటుంది. అందుకే రంధ్రాలు పూడుకుపోకుండా చూసే అడాపలీన్ అనే పైపూతను రాత్రిపూట బఠాణీ గింజంత తీసుకుని, మొటిమలు వచ్చే భాగమంతా పలచగా రాయాలి. మొదట్లో చర్మం పొడిబారి మండితే రోజు విడిచి రోజు, మాయిశ్చరైజర్ పైన రాసుకోవచ్చు. గర్భం కోసం ప్రయత్నించే ముందు దీన్నీ ఆపాలి. మన చామనఛాయ చర్మంలో మొటిమ కంటే మచ్చే ఎక్కువకాలం ఉంటుంది కాబట్టి పగలు సన్‌స్క్రీన్ మానవద్దు. రంగు తేలుస్తామనే క్రీముల జోలికి మాత్రం వెళ్లకండి. నేను వాడిన ఒకదానిలో స్టెరాయిడ్ ఉందని ఆలస్యంగా తెలిసింది, ఆపగానే ముఖమంతా ఎర్రబడి మొటిమలు రెట్టింపయ్యాయి.

ఒకటి అడగాలి. మీరు ఏ గర్భనిరోధకం వాడుతున్నారు? ప్రొజెస్టిన్ అనే ఒక్క హార్మోన్ మాత్రమే ఉండే మాత్రలు, గర్భాశయ సాధనాలు కొందరిలో మొటిమలు పెంచుతాయి. నాకు అలాగే జరిగింది.

మూడో జవాబు

బిడ్డ విషయానికి మాత్రమే చెబుతాను. నేను స్పైరనోలాక్టోన్, అడాపలీన్ రెండూ ముందే ఆపి, మా వైద్యురాలి సలహాతో అజెలాయిక్ యాసిడ్ అనే పైపూతకు మారాను. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు కూడా దాన్ని వాడనిస్తారు. మొదటి మూడు నెలలు మొటిమలు బాగా లేచాయి, తర్వాత తగ్గాయి. దానికి ముందే సిద్ధపడి ఉండడం వల్ల నేను అంతగా కుంగిపోలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. రెండో జవాబు చదివి పాత కాగితాలు తీసి చూశాను. లెవోనోర్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ ఉన్న గర్భాశయ సాధనాన్ని నేను మొదటిసారి పెట్టించుకున్నది 25వ ఏట చివర్లో. అయిదేళ్లకు దాన్ని మార్చి మళ్లీ అలాంటిదే పెట్టారు. అది మందు అని నాకు తట్టకపోవడం వల్ల ఏం మందులు వాడుతున్నారని అడిగిన ప్రతిసారీ ఏమీ లేవనే చెప్పాను. ఇప్పుడు దాన్ని తీయించేయాలా?

మొదటి జవాబు రాసినవారు

తొందరపడి తీయించకండి. మొటిమలు మొదలైన కాలం దానితో కలుస్తోంది గాని, అదే కారణమని అంతమాత్రాన తేల్చలేం; పైగా స్పైరనోలాక్టోన్ మొదలుపెడితే మీకు గర్భనిరోధం ఉండి తీరాలి. హార్మోన్ లేని రాగి సాధనం ఒక దారి. మైగ్రేన్, పొగతాగే అలవాటు, రక్తం గడ్డకట్టిన చరిత్ర లేకపోతే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండు హార్మోన్లూ కలిసిన గర్భనిరోధక మాత్రలు మరో దారి, అవి మొటిమలను కూడా తగ్గిస్తాయి. ఆ రెండు తేదీలనూ కాగితం మీద రాసుకుని, చర్మవైద్యురాలికీ, సాధనం పెట్టిన వైద్యురాలికీ చూపించండి.