రేకుతో కౌబాయ్ టోపీ: అంచు వంపు ఎలా తేవాలి?

పర్లాకిమిడి షెడ్డు:
గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షెడ్డు నాది. బరంపురం రోడ్డులో కొత్త దాబా పెట్టినాయన ముందు నిలబెట్టడానికి నాలుగడుగుల కౌబాయ్ టోపీ, పక్కన లాసో తాడు, గుర్రపు నాడాలు అడిగాడు. తాడుకి రాడ్లు మెలిపెడితే చాలు, టోపీ దగ్గరే టెన్షన్. అంచు బల్లపరుపుగా వస్తే తట్ట బోర్లించినట్టుంటుంది. రేకుతో చేయాలా, ఇత్తడి పోత పోయించాలా?

గుణుపురం అన్న:
రేకే తమ్ముడూ. అంత సైజుకి ఇత్తడి పోతంటే ఖర్చు, బరువు రెండూ ఎక్కువే. బుర్ర (తల పట్టే పైభాగం), అంచు విడివిడిగా చెయ్యి. ముందు 6 ఎంఎం రాడ్డుని అంచు రూపంలో వంచుకో, పక్కలు పైకి లేవాలి, ముందూ వెనకా కిందికి దిగాలి, ఆ రాడ్డు కుదిరాక రేకుని దానివెంట కొట్టుకుంటూ పో. బుర్రకి రేకు ముక్కలు ఇసక మూట మీద గుండ్రంగా కొట్టి టాకాలు వేసి గ్రైండింగ్ చెయ్యి. జింకు పూత ఉన్న జీఐ రేకు మాత్రం వద్దు, వెల్డింగ్‌లో వచ్చే జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది.

బూడితి పక్కూరు:
అన్న చెప్పిన రాడ్డు పద్ధతి మంచిది. నాకు ముఖ్యమనిపించేది బుర్ర మీది నొక్కు. అమెరికా టోపీల తయారీదారు స్టెట్సన్ 1865లో ఫిలడెల్ఫియాలో తెచ్చిన టోపీకి అసలు నొక్కులే లేవు, బుర్ర నున్నగా, అంచు చదునుగా ఉండేది. పెట్టుకున్నవాళ్ళు వేళ్ళతో పట్టి తీసి పెట్టి, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మడిచారు. అందుకే ముందువైపు రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు పట్టిన చోటే పల్లం రావాలి, మరోచోట పడితే ఎంత నునుపుగా ఉన్నా అది టోపీ అనిపించదు. అసలు టోపీ ఒకటి దొరికితే చేత్తో పట్టి చూడు.

పోత కూడా తక్కువదేం కాదు. అమెరికా శిల్పి రెమింగ్టన్ 1895లో చేసిన బ్రాంకో బస్టర్ అనే గుర్రపు రౌతు కంచు బొమ్మలో గుర్రం వెనక కాళ్ళ మీదే మొత్తం బరువు నిలబడుతుంది. మొదట ఇసక అచ్చులో పోయించినదాన్ని తర్వాత మైనం పద్ధతికి మార్చాక ఒక్కో పోతకీ వివరాలు మార్చుకునే వీలొచ్చింది. మైనం మీద మట్టి పూసి కాల్చి, కరిగిన లోహం పోసే ఆ పద్ధతి ఒడిశాలో ఢోక్రా లోహపు బొమ్మలు చేసే పనివాళ్ళకి తరతరాలుగా తెలిసిందే. జానెడు టోపీ ఒకటి పోయించి దాబా కౌంటర్ మీద పెట్టమని ఆయనకి చెప్పి చూడు.

పర్లాకిమిడి షెడ్డు:
చాలా థాంక్స్ అన్నా. చిన్న పోత మాట అడుగుతాను. రంగేంటి మరి, వానలో తుప్పు పట్టదా?

గుణుపురం అన్న:
రెడ్ ఆక్సైడ్ వేసి ఆపైన పెయింట్. బుర్ర నొక్కులో, పక్కకి లేచిన అంచు మొదట్లో నీళ్ళు నిలుస్తాయి, పెయింట్ ఎంత మంచిదైనా అక్కడే ముందు పోతుంది. రెండు చోట్లా కనబడకుండా చిన్న బెజ్జాలు పెట్టు, పెయింట్ కన్నా ముందే.