కార్పొరేట్ ఉద్యోగం మానేసి తోటల డిజైన్‌లోకి రావాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

కొత్తమడి:
ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఉద్యోగం వదిలి తోటల డిజైన్, నిర్వహణ పనిలోకి దిగుదామనుకుంటున్నాను. ప్లానింగ్, బడ్జెట్, క్లయింట్లతో మాట్లాడడం వచ్చు. నేలలో పని మాత్రం పెద్దగా తెలీదు. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు కొందరు. రాజీనామా ఇచ్చేలోపు చేతికి రావాల్సిన పనులేవి? కొత్తవాళ్లు వేసిన తోటలు ఎక్కడ దెబ్బతింటాయి? రేటు ఎలా కట్టాలి, ఇప్పటి నెల జీతాన్ని 160 గంటలతో భాగిస్తే సరిపోతుందా?

ఒండ్రునేల:
సాఫ్ట్‌వేర్ తర్వాతైనా నేర్చుకోవచ్చండి. నేల, నీళ్లు, లెవల్స్ (నేల ఎత్తుపల్లాలు), ఈ మూడూ ముందు రావాలి. కాగితం మీద ఎంత అందంగా గీసినా తోట చచ్చేది వీటి దగ్గరే.

కొలతలతో మొదలుపెట్టండి. ఇంటి రెండు మూలల్ని స్థిర బిందువులుగా తీసుకుని, ప్రతి చెట్టుకూ ఆ రెండింటి నుంచీ దూరం కొలవండి. కాగితం మీద ఆ దూరాలతో రెండు చాపాలు గీస్తే అవి కలిసిన చోటే చెట్టు. గోడకు లంబంగా ఉందనుకుని ఒకే దూరం కొలిస్తే మూలలు తప్పుతాయి, ఎందుకంటే స్థలాలు సరిగ్గా చదరంగా ఉండడం అరుదు. మొత్తం స్థలానికి 1:100 (కాగితం మీద 1 సెం.మీ. అంటే నేల మీద 1 మీటరు), మొక్కల ప్లానుకు 1:50 స్కేలు చాలు.

మట్టి కోసం 15–20 సెం.మీ. లోతు నుంచి తీసింది గాజు సీసాలో మూడో వంతు వేసి, నీళ్లు పోసి, చిటికెడు డిటర్జెంట్ కలిపి గట్టిగా కుదపండి. కదపకుండా పెట్టేస్తే ఇసుక నిమిషంలో అడుక్కి దిగుతుంది. దాని మీద ఒండ్రు రెండు గంటల్లో పేరుతుంది. బంకమట్టికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పొరల మందం స్కేలుతో కొలిస్తే పాళ్లు తెలిసిపోతాయి.

ఇంకుడు చూడడానికి 30 సెం.మీ. వెడల్పు, అంతే లోతు గొయ్యి తీసి నీళ్లు నింపి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవండి. ఎండిన మట్టి ముందు తానే తాగేస్తుంది కాబట్టి మొదటిసారి లెక్క పనికిరాదు. గంటకు 2.5 నుంచి 7.5 సెం.మీ. దిగితే చాలా రకాలకు అనుకూలం. 1 సెం.మీ. కూడా దిగకపోతే మడి 20–30 సెం.మీ. ఎత్తు లేపండి, లేదా తడి ఓర్చుకునే మొక్కలే ఎంచుకోండి. కొత్తగా కట్టిన ఇళ్ల దగ్గర ఇదే ఎక్కువ. బండ్లు తొక్కి నేల గట్టిపడి ఉంటుంది, కింద సిమెంటు పెళ్లలు పూడ్చి ఉంటాయి.

లెవల్‌కు పారదర్శకమైన నీళ్ల గొట్టం చాలు, రెండు చివర్లలోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి, లోపల గాలి బుడగ లేకుండా చూసుకోండి. ఇంటి పక్క పరిచే రాళ్లకు వాలు ఇంటి నుంచి బయటి వైపు దిగేలా 1:80 ఉండాలి, అంటే 4 మీటర్లకు 5 సెం.మీ.

వేరుచుట్టు:
పై మాటకు ఒకటి కలుపుతున్నాను. బంకమట్టిలో కాస్త ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది చెబుతారు, వినకండి. కొద్దిపాటి ఇసుక బంకలో ఇరుక్కుని ఇంకా బిగుసుకుపోతుంది. బాగా చివికిన కంపోస్టు 5 సెం.మీ. మందం పరిచి, పైన 15–20 సెం.మీ. మట్టిలో కలపండి.

ఇక నాటడం. నర్సరీ సంచి తీసేసి వేర్లు చూడండి. గుండ్రంగా చుట్టుకుని ఉంటే మూడు నాలుగు వైపులా నిలువుగా ఒకటి రెండు సెం.మీ. లోతు కోసేయండి. కోయకపోతే నాటాక కూడా అవి ఆ చుట్టులోనే తిరుగుతూ పెరిగి, లావయ్యాక కాండాన్ని బిగిస్తాయి. గొయ్యి వేరుముద్దకు రెండు మూడింతలు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్దంతే. కాండం వేర్లుగా విచ్చుకునే చోటు నేలమట్టానికి కనిపించాలి. దాన్ని పూడ్చేస్తే మొదటి ఏడాది ఏమీ తెలీదు, తర్వాత కాండం అడుగున బెరడు కుళ్లి చెట్టు నీరసిస్తుంది. అప్పటికి క్లయింటు మిమ్మల్నే అడుగుతారు. మల్చింగ్ (నేల మీద ఎండాకులు, పొట్టు లాంటివి కప్పడం) 5–8 సెం.మీ. వేయండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

తోట తొందరగా నిండుగా కనిపించాలని మొక్కల్ని ఒత్తుగా పెట్టడం డిజైన్‌లో నేను ఎక్కువగా చూసే తప్పు. 1.2 మీటర్లు విస్తరించే పొదకు 1.2 మీటర్ల ఎడమే ఇవ్వాలి. ఖాళీలు కొద్దికాలమే ఉండే మొక్కలతో నింపండి. నేలను కప్పే మొక్కలైతే 30 సెం.మీ. ఎడంలో చదరపు మీటరుకు సుమారు 11, 45 సెం.మీ. ఎడంలో 5 పడతాయి.

కొత్తమడి:
చాలా థ్యాంక్స్ అండి. డ్రిప్ లెక్క, రేటు సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

ధారగొట్టం:
డ్రిప్‌కు ముందు కుళాయి కింద బకెట్ పెట్టండి. 10 లీటర్లు 40 సెకన్లలో నిండితే గంటకు 900 లీటర్లు. అందులో ముప్పావు వంతే వాడుకోండి, 675. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లయితే ఒక విడతకు 160 దాటకూడదు. అంతకు మించితే చివరి మొక్కలకు నీళ్లందవు, అందుకే వాల్వులు పెట్టి విడతలుగా విడదీస్తాం. గొట్టం మొదలు దగ్గర 120 మెష్ ఫిల్టరు (సన్న జల్లెడ), లాటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న గొట్టం) చివర విప్పి కడిగేలా మూత తప్పనిసరి. సున్నం ఎక్కువున్న నీళ్లయితే డ్రిప్పర్ల నోళ్లు సున్నపు పొరతో మూసుకుపోతుంటాయి.

రేటుకు 160తో భాగించడం తప్పండి. స్థలం చూడడం, కొటేషన్, నర్సరీ తిరగడం, ప్రయాణం, వాన పడి ఆగిన రోజులు, వీటికి ఎవరూ బిల్లు కట్టరు. మొదటి ఏడాది బిల్లు వేయగలిగేది నెలకు 80–90 గంటలనుకుని లెక్క కట్టండి. మీకు కావాల్సిన నెల ఆదాయానికి పనిముట్లు, బండి, బీమా, పన్ను కలిపి ఆ గంటలతో భాగించండి. వచ్చిన అంకె చూసి భయపడి తగ్గించకండి.

డిజైన్ ఫీజు విడిగా, ముందుగా తీసుకోండి. మొక్కల ధరలో కలిపేస్తే ప్లాను పట్టుకుని ఇంకొకరితో నాటించుకుంటారు. సామాను పరిమాణాలు ఘనపరిమాణంలో రాయండి: 12 × 1.5 మీటర్ల మడికి 8 సెం.మీ. మల్చ్ అంటే 1.44 ఘనపు మీటర్లు, అణిగేది కలిపి 1.6 తెప్పించాలి. నింపే మట్టికైతే పావు వంతు ఎక్కువ చెప్పండి. మొక్కలకు గ్యారంటీ ఇస్తే, నీళ్లు పెట్టే బాధ్యత ఎవరిదో, వారానికి ఎన్నిసార్లో, ఎంతసేపో అదే కాగితంలో ఉండాలి. నిర్వహణ కూడా మీరే చేస్తే గ్యారంటీ ఇవ్వండి, లేదంటే నాటిన రోజు ఫొటోలతో అప్పగింత కాగితం మీద సంతకం తీసుకుని అక్కడితో ముగించండి.